పెరటి ప్రశ్నలు: లాన్ పల్చగా ఉంది, యూరియా వెయ్యాలా?

ప్రశ్న: మాది ఘట్‌కేసర్ దగ్గర సొంత ఇల్లు. ఇంటి ముందు సుమారు 1000 చదరపు అడుగుల్లో పోయిన ఆగస్టులో బెర్ముడా లాన్ వేయించాం. మూడు నెలల్లో తివాచీలా కమ్ముకుంటుందని కాంట్రాక్టరు చెప్పాడు. పది నెలలైంది, ఇప్పటికీ దుబ్బుకీ దుబ్బుకీ మధ్య ఎర్రమట్టి కనిపిస్తూనే ఉంది. రెండు బస్తాల వర్మికంపోస్టు చల్లాం. ఒకసారి గుప్పెడు గుప్పెడు డీఏపీ వేశాం. బోరు నీళ్ళు రోజూ పెడుతున్నాం. నెలకోసారి మనిషి వచ్చి బ్రష్ కట్టరుతో కోసి వెళ్తాడు. మామిడిచెట్టు వైపయితే గడ్డే లేదు. పక్కింటివాళ్ళు యూరియా దట్టించమంటున్నారు. మాడిపోతుంది, వద్దని మా అత్తగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, ఘట్‌కేసర్

జవాబు: అమ్మా, మీ గడ్డికి యూరియా కావాలి. దట్టించడం మాత్రం వద్దు. కాబట్టి ఇద్దరి మాటా కొంత కొంత వినండి.

పేరు బెర్ముడా అయినా అది మన గరికే. పొలం గట్ల మీద రైతు ఎంత పీకినా పోని గరిక, వినాయకుడికి జంటలు జంటలుగా పెట్టే దూర్వా. లాన్ కోసం అమ్మే రకాల్లో కొన్ని అచ్చంగా గరిక, కొన్ని గరికను దాని ఆఫ్రికా చుట్టంతో కలిపి పుట్టించిన హైబ్రిడ్‌లు. ఏదైనా స్వభావం ఒకటే. భూమి పైన తీగలు పాకుతాయి, భూమి లోపల కూడా కాండాలు పాకుతాయి. ఖాళీ కనపడితే కమ్ముకోవడమే దాని పని. అలాంటి మొక్క పది నెలలుగా కమ్ముకోవడం లేదంటే ఎక్కడో అడ్డు ఉంది. ఎరువు కొనే ముందు ఆ అడ్డేమిటో చూడండి.

రేపు పొద్దున ఎండెక్కకముందు లాన్‌లో మోకాళ్ళ మీద కూర్చోండి. దుబ్బు నుంచి మట్టి మీదికి పాకిన ఒక తీగను ఎంచుకుని, దాని కింద చూపుడువేలు పెట్టి మెల్లగా పైకెత్తండి. తీగకు అంగుళానికో రెండంగుళాలకో ఒక గణుపు ఉంటుంది. ప్రతి గణుపు దగ్గరా కింద తెల్లటి దారాల్లాంటి వేళ్ళు, పైన పిలక ఉండాలి. ఎత్తుతుంటే తీగ పట్టు పట్టి, గణుపు దగ్గర మట్టి బెడ్డతో సహా లేస్తే గడ్డి ఆరోగ్యంగా ఉన్నట్టు. అలాకాక చాప మీద పడ్డ తాడులా జానెడు తీగ ఒక్కసారే లేచొచ్చి, గణుపుల కింద వేళ్ళు లేకుండా గోధుమరంగు మొటిమల్లా ఉంటే, మట్టి పైపొర పెంకు కట్టినట్టు. వేరు దిగే చోటు లేదు. తీగ పాకుతోంది, నాటుకోవడం లేదు. మీరు రాసిన వివరాలు చూస్తే మీ ఇంట్లో ఇదే కనపడుతుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. కొత్త ఇళ్ళ ముందు లాన్ వేసేటప్పుడు చాలాచోట్ల ఇటుకముక్కలు, సిమెంటు పెళ్ళలు, మొరం అలాగే ఉంచి పైన నాలుగంగుళాల ఎర్రమట్టి పరిచేస్తారు. పని చేసినవాళ్ళ అడుగులకు, ఆపైన రోజూ పైపైన పెట్టే నీళ్ళకు అది గట్టిపడుతుంది.

అందుకని మొదట గునపం తియ్యండి. నేల కాస్త తడిగా ఉన్నప్పుడు, ఖాళీలున్న చోటల్లా జానెడుకో పోటు, నాలుగైదంగుళాల లోతు. మట్టిని తిరగెయ్యక్కర్లేదు, గుంట పడితే చాలు. తరవాత బాగా చివికిన పశువుల ఎరువో వర్మికంపోస్టో ఒక వంతు, ఇసుక ఒక వంతు, జల్లించిన ఎర్రమట్టి ఒక వంతు కలిపి, ఆకులు మునిగిపోకుండా అర అంగుళం మందాన చల్లి, చీపురుతో గుంటల్లోకి తొయ్యండి. పచ్చి పేడ ఎరువు తేవద్దు. దాంతోపాటు కలుపు విత్తనాలు వస్తాయి. మట్టి తెచ్చేటప్పుడు తుంగ గడ్డలు లేకుండా చూసుకోండి. ఒకసారి లాన్‌లో తుంగ చేరితే పైన పీకినకొద్దీ కింద గడ్డల నుంచి మళ్ళీ లేస్తుంది.

ఇప్పుడు ఎరువు సంగతి. తీగలు పాకడానికి కావలసింది నత్రజని. మీరు వేసిన డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం. గడ్డి అడిగింది ఒకటి, మీరు పెట్టింది ఇంకొకటి. భాస్వరం మట్టిలోనే పేరుకుంటుంది, ఎక్కువైతే ఇనుము, జింకు వేళ్ళకు అందకుండా పోతాయి. ఇక డీఏపీ మానెయ్యండి. వర్మికంపోస్టు మంచిదే, మట్టి గుల్లబారడానికి తప్పకుండా పనికొస్తుంది. కానీ అందులో నత్రజని చాలా తక్కువ, రెండు బస్తాలు 1000 అడుగుల మీద పరిస్తే గడ్డికి దక్కేది నామమాత్రం.

యూరియాలో నత్రజని 46 శాతం. గరిక బాగా పెరిగే రోజుల్లో నెలకు చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని ఇవ్వొచ్చు. మీ 1000 అడుగులకు లెక్క కడితే నెలకు కిలో యూరియా. ఆ కిలో ఒకేసారి వెయ్యకండి. పదిహేను రోజులకోసారి అరకిలో చొప్పున వెయ్యండి. ‘ఇంత పెద్ద లాన్‌కి అరకిలోనా’ అని చేతులు ఊరుకోవు, నాకు తెలుసు. ఆ ‘ఇంకొంచెం’ దగ్గరే లాన్‌లు పోతాయి.

నా చేతుల్లోనే ఒకటి పోయింది. మాది కడియపులంక. నర్సరీల మధ్యే పుట్టి పెరిగాను, తరవాత హైదరాబాదులో ఒక స్కూలు మైదానం పచ్చిక పదకొండేళ్ళు చూసుకున్నాను. చేరిన మొదటి సంవత్సరం, మే నెల. జూన్‌లో స్కూలు తెరిచేనాటికి పచ్చగా ఉండాలని, సాయంత్రం నీళ్ళు పెట్టిన వెంటనే, ఆకులు తడిగా ఉండగానే, కొలతలేకుండా యూరియా చల్లించాను. పలుకులు తడి ఆకులకు అంటుకుపోయాయి. ఆ రాత్రి మోటారు పాడై మళ్ళీ నీళ్ళు పెట్టలేకపోయాం. మర్నాటి ఎండకు మనిషి నడుస్తూ చెయ్యి విసిరిన చోటల్లా వంపులు వంపులుగా గడ్డి ఎండుగడ్డి రంగుకు తిరిగింది. పిల్లలు వచ్చేనాటికి ఆ చారలు అలాగే ఉన్నాయి. ఆకు మాడినా భూమిలో కాండం బతికే ఉంటుంది కాబట్టి వానలు పడ్డాక కోలుకుంది. కానీ ఆ జూన్ నెలంతా మైదానం గట్టు మీద నిలబడాలంటే నాకు కష్టంగా ఉండేది. అందుకే ఈ పద్ధతి ఇంత విడమరిచి చెబుతున్నాను.

ఆకులు పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు, ఎండ తగ్గాక వెయ్యండి. అరకిలో యూరియాను నాలుగు కిలోల పొడి ఇసుకలో కలపండి. రెండు భాగాలు చేసి, ఒక భాగం గేటు నుంచి ఇంటివైపు నడుస్తూ, రెండోది అడ్డంగా నడుస్తూ చల్లండి. చల్లిన వెంటనే, అంటే చేతులు కడుక్కునే లోపే, నీళ్ళు పెట్టండి. ఆకుల మీద పలుకు ఒక్కటి కూడా మిగలకుండా కడిగినట్టు, మట్టిలోకి ఒకటి రెండంగుళాలు తడి దిగేటట్టు ఉండాలి. పైన వదిలేస్తే నత్రజని అమ్మోనియా అయి గాలిలో కలిసిపోతుంది, అందులోనూ మీ బోరు నీళ్ళలాంటి సున్నపు నీళ్ళు పడే నేలలో ఇంకా ఎక్కువ. సన్నటి జల్లు వచ్చేటట్టుంటే అదృష్టం, ఆ ముందు చల్లండి. కుండపోత వచ్చేటట్టుంటే ఆగండి, కాలవపాలవుతుంది. ఇంట్లో ఆవో మేకో ఉంటే ఆ పూట లాన్‌లోకి రానివ్వకండి, పలుకులు నాకితే పశువు ప్రాణానికే ముప్పు.

మూడు విడతలకు ఒకసారి యూరియా బదులు 17-17-17 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) కిలోంబావు వెయ్యండి, పొటాష్ కూడా అందుతుంది. నవంబరు నుంచి రాత్రులు చల్లబడితే గరిక పెరుగుదల తగ్గుతుంది, ఎరువు ఆపెయ్యండి. మళ్ళీ ఫిబ్రవరి చివర మొదలుపెట్టొచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు యూరియా బస్తా 45 కిలోలు. మీ లాన్‌కు ఏడాది పొడుగునా వేసినా పది కిలోలు పట్టదు, మిగిలింది తేమ పీల్చి గడ్డ కడుతుంది. పైగా అది పంటల కోసం సబ్సిడీ మీద ఇచ్చే ఎరువు. వానాకాలంలో రైతులు పొద్దున్నే లైన్లో చెప్పులు పెట్టి నిలబడే రోజుల్లో పచ్చిక కోసం బస్తా మోసుకురావడం నాకు ఇష్టం లేదు. నర్సరీల్లో కిలో, రెండు కిలోల ప్యాకెట్లలో అమ్మోనియం సల్ఫేట్ దొరుకుతుంది. నత్రజని 21 శాతం, కాబట్టి అరకిలో యూరియా బదులు కిలో పైచిలుకు. అది మీ సున్నపు నేలకు మేలు కూడా చేస్తుంది. రసాయనమే వద్దనుకుంటే పొడి కొట్టిన వేరుశనగ చెక్క మూడు కిలోలు వెయ్యొచ్చు. నిదానంగా పనిచేస్తుంది. వాసనకు చీమలు, కుక్కలు రెండు మూడు రోజులు తిరుగుతాయి, భరించాలి.

రంగు కూడా గమనించండి. కింది ముదురాకులు ముందు పాలిపోతే నత్రజని చాలడం లేదు. కొత్తగా వచ్చే చిగురు పసుపై, ఆకు ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం, బోరు నీళ్ళ లాన్‌లలో తరచూ చూస్తాం. దానికి యూరియా ఎంత పోసినా పచ్చబడదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చెయ్యండి, పదిరోజులకు మరోసారి. పక్కన టైల్సు మీద పడితే తుప్పు మరకలు పడతాయి, వెంటనే కడిగెయ్యండి.

ఎరువుతో సమానంగా పనిచేసేది కోత. నెలకోసారి బ్రష్ కట్టరంటే, గడ్డి మూడు నాలుగంగుళాలు పైకి లేచి, ఒక్క దెబ్బకు నరకబడి, కింద పుల్లలు మాత్రం మిగులుతాయి. ఆ పుల్లల నుంచి మళ్ళీ ఆకు రావడానికే దాని బలమంతా పోతుంది, పక్కకు పాకడానికి ఏం మిగులుతుంది? అంగుళంన్నర ఎత్తు ఉంచి, వారానికోసారి, ఎప్పుడూ ఉన్న ఎత్తులో మూడోవంతుకు మించకుండా కొయ్యండి. పైకి పెరిగే దారి మూసుకున్నకొద్దీ పక్కకు తీగ తీస్తుంది. చేత్తో తోసే మోవరు మీ లాన్‌కు సరిపోతుంది.

నీళ్ళు రోజూ వద్దు. వేళ్ళు పైపైనే ఉండిపోతాయి. వారానికి అంగుళం, అంటే మీ లాన్‌కు 2400 లీటర్ల దాకా. ఎండాకాలంలో రెండు మూడు విడతలుగా ఇవ్వండి. వానలు బాగుంటే అసలు వద్దు. కొత్తగా తీగ నాటిన చోట మాత్రం మొదటి పదిరోజులూ తడి ఆరనివ్వకూడదు.

తీగ నాటడమంటే, విత్తనాలు కొనక్కర్లేదు. కాలిబాట మీదికి పాకిన తీగలను పీకి, మూడు గణుపులుండేలా తుంచి, ఖాళీల్లో పడుకోబెట్టి రెండు గణుపులు మట్టిలోకి, కొస బయటికి ఉండేలా అదమండి. జూన్, జూలైలో నాటితే నెలన్నరలో తేడా మీకే తెలుస్తుంది.

మామిడిచెట్టు కింద మాత్రం ఆశ పెట్టుకోకండి. గరికకు రోజుకు ఆరేడు గంటల నేరు ఎండ కావాలి. నీడలో ఎరువు వేస్తే ఆ ఎరువు తిని మామిడి పెరుగుతుంది, నీడ ఇంకా చిక్కబడుతుంది. అక్కడ నీడలో పెరిగే మాండో గ్రాస్ పెట్టుకోండి, లేదా రాలిన ఆకులే పరిచి నాలుగు కుర్చీలు వేసుకోండి. లాన్ కోసం చెట్టు కొమ్మలు కొట్టించొద్దని మాత్రం వేడుకుంటున్నాను.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. ఇల్లు కట్టి రెండేళ్ళయింది. బిల్డరు వేసిన బెర్ముడా ముందువైపు పల్చబడిపోయింది. లాన్ బాగుచేసుకోమని హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నుంచి ఉత్తరం కూడా వచ్చింది. కలుపు రాకూడదని, గడ్డి పెరగాలని ఫిబ్రవరిలో రెండూ కలిసిన వీడ్ అండ్ ఫీడ్ సంచులు నాలుగు వేశాను. పైన కామన్ బెర్ముడా విత్తనాలు కూడా చల్లాను. ఏమీ మొలవలేదు. ఎరువు చాల్లేదా? మా నాన్నగారిది గుంటూరు జిల్లా, పత్తి రైతు. నేను మాత్రం మట్టి ముట్టుకున్నది ఇక్కడికొచ్చాకే.
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: బాబూ, ఎరువు చాలక కాదు, వేళ తప్పింది. ఫిబ్రవరిలో మీ దగ్గర బెర్ముడా గోధుమరంగులో నిద్రపోతూ ఉంటుంది. నిద్రలో ఉన్న గడ్డి తినదు. మీరు పెట్టింది చలికాలపు కలుపు తినేసింది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ సంచి మీద కలుపు మొలవకుండా ఆపే మందు పేరు ఉందేమో చూడండి. ప్రొడయమిన్, పెండిమిథాలిన్ లాంటివి విత్తనాన్ని కలుపుదా, మనదా అని చూడవు. మీరు చల్లిన బెర్ముడా విత్తనం మొలవకపోవడానికి కారణం అదే అయ్యుండొచ్చు. అంతేకాదు, పాకే తీగల గణుపుల నుంచి కొత్త వేళ్ళు దిగకుండా కూడా అవి అడ్డుకుంటాయి. పైన ఘట్‌కేసర్ అమ్మకు తీగ ఎత్తి చూడమన్నాను కదా, మీరూ ఎత్తి చూడండి. గణుపుల కింద వేళ్ళు పొట్టిగా, మొద్దుగా కనపడితే మందు ఇంకా పనిచేస్తున్నట్టే. పల్చగా ఉన్న లాన్ కమ్ముకోవాలనుకున్న సంవత్సరం ఆ మందు పల్చటి భాగాల్లో వెయ్యకుండా, కలుపును చేత్తో తియ్యడమే నయం.

వచ్చే ఏడు మార్చి చివరకో ఏప్రిల్‌కో గడ్డి పచ్చబడుతుంది. పూర్తిగా పచ్చబడి రెండుసార్లు కోసేదాకా చెయ్యి కట్టుకోండి. అప్పుడు మొదలుపెట్టి, 1000 చదరపు అడుగులకు నెలకు ఒక పౌను నత్రజని. సంచి మీద మూడు అంకెల్లో మొదటిదే నత్రజని శాతం. 21-0-0 అయితే ఐదు పౌన్లకు కాస్త తక్కువ సంచి ఎరువు పడుతుంది. దాన్నే రెండు వారాల తేడాతో రెండు విడతలు చేస్తే ఇంకా మంచిది. సెప్టెంబరు మొదట్లో నత్రజని ఆపెయ్యండి. ఆలస్యంగా వేస్తే లేత చిగురు చలికి దొరికిపోతుంది.

భాస్వరం మాత్రం పరీక్ష లేకుండా వెయ్యకండి. కాలేజ్ స్టేషన్‌లో టెక్సస్ ఎ అండ్ ఎం వాళ్ళ మట్టి పరీక్ష కేంద్రం ఉంది, చిన్న సంచిలో మట్టి పంపితే చాలు. మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి: మీ ఇంటికింద ఉన్న నల్లటి బంకమట్టి, ఆయన పత్తి వేసిన నల్లరేగడి, ఒకే జాతి నేలలు. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది, సున్నం పాలు ఎక్కువ. ఒకప్పుడు ఆ ప్రాంతం కూడా పత్తికి పేరుపడ్డదే. ఆయన అక్కడికి వచ్చినప్పుడు ఆ మట్టి చేతిలోకి తీసుకుని నలిపితే మీకు నాకంటే ఎక్కువ చెప్పగలరు. ఆ నేలలో నీళ్ళు మెల్లగా ఇంకుతాయి. నీళ్ళు పెట్టడానికి మీ సిటీ ఇచ్చిన రోజుల్లోనే, పది నిమిషాలు పెట్టి, అరగంట ఆపి, మళ్ళీ పది నిమిషాలు పెట్టండి.

మళ్ళీ కామన్ విత్తనం చల్లేముందు ఆలోచించండి. బిల్డర్లు పరిచే గడ్డి చాపల్లో చాలావరకు టిఫ్‌వే 419 రకం. జార్జియాలో టిఫ్టన్ పరిశోధన కేంద్రంలో గ్లెన్ బర్టన్ ఎంపికచేసి 1960లో విడుదల చేసింది. అది గొడ్డు రకం, విత్తనం కట్టదు. ఆకు సన్నం, రంగు ముదురు. పక్కన కామన్ మొలిస్తే పంచెకు వేరే గుడ్డ అతుకు వేసినట్టు ఎప్పటికీ కనపడుతూనే ఉంటుంది. ఒకటి రెండు చాపలు కొని, గుప్పెడంత ముక్కలు కోసి, అడుగుకొకటి చొప్పున పాతండి. హెచ్‌ఓఏ వాళ్ళకు మీరు ఏ నెలలో ఏం చెయ్యబోతున్నారో రాసి పంపి, వచ్చే ఏడు జూలై దాకా గడువు అడగండి.

ప్రశ్న: మా లాన్‌లో గరిక బాగా పెరిగింది. వినాయక చవితి పూజకు అదే కోసుకోవచ్చా? బజారు గరిక ఎప్పుడూ వాడిపోయే ఉంటుంది. మా అమ్మగారు గరిక రసం కూడా తాగుతారు.
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: పూజకు నిక్షేపంగా కోసుకోండి. మూడు ఆకుల కొసలున్న లేత గరిక కావాలంటే చవితికి పదిహేను రోజుల ముందు నుంచి ఒక మూల కొయ్యకుండా వదిలెయ్యండి, పొట్టిగా కోసిన గడ్డిలో జంటలు దొరకవు.

రసానికి మాత్రం లాన్ గరిక వాడొద్దు. కలుపు మందో పురుగు మందో ఎప్పుడో ఒకప్పుడు పడి ఉంటుంది, వీధి కుక్కలూ తిరుగుతాయి. ఒక వెడల్పాటి కుండీలో మట్టి, పశువుల ఎరువు కలిపి, మీ లాన్ నుంచే శుభ్రమైన నాలుగు తీగలు నాటి, ఎండ తగిలే పిట్టగోడ మీద పెట్టండి. దానికి యూరియా వెయ్యకండి, బియ్యం కడిగిన నీళ్ళు పొయ్యండి. మొదటి కోత తీసి పారేసి, రెండో కోత నుంచి అమ్మగారికి ఇవ్వండి. ఆవిడ ఏవైనా మందులు వాడుతుంటే డాక్టరుగారిని ఒకసారి అడిగి ఇవ్వండి.